‘బ్లాక్ బ్యూటీ’ ముగించాక సంతోషించాలా, బాధపడాలా?

సాయంకాలపు చదువరి:

అన్నా సెవెల్ రాసిన ‘బ్లాక్ బ్యూటీ’ని నిన్న రాత్రి ముగించాను. చిన్నప్పుడు దీని బొమ్మల పుస్తకం ఏదో తిరగేసిన గుర్తు ఉంది గాని, నాలుగు భాగాలుగా 49 అధ్యాయాలు ఉన్న పూర్తి నవలను చదవడం మాత్రం ఇదే మొదలు. పుస్తకం మూసిన తరువాత నాకు మిగిలినది తృప్తో అసంతృప్తో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. ముగింపు గురించి మాట్లాడక తప్పదు కనుక ఇంకా చదవనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

కథాపరంగా చూస్తే చివరికి అన్నీ చక్కబడ్డాయి. మంచి రైతు దగ్గర పుట్టి, బర్ట్‌విక్ పార్క్‌లో గోర్డన్ దొర ఇంట సుఖంగా పెరిగిన గుర్రం బ్లాక్ బ్యూటీ, తాగుబోతు రౌతు పుణ్యమా అని మోకాళ్ళు చెడగొట్టుకుని, చేతులు మారుతూ మారుతూ లండన్ వీధుల్లో అద్దెబండి లాగే స్థితికి దిగజారి, ఇక చావే తరువాయి అనుకున్న దశలో ఒక దయగల రైతు కంట పడి, ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇంటికి చేరుతుంది. ఇక ఎన్నటికీ అమ్మబోమని వారు మాట కూడా ఇస్తారు. ఇంతకంటే మంచి ముగింపు ఏ పిల్లల పుస్తకంలో ఉంటుంది? అయినా నాకు ఊరట కలగలేదు, ఎందుకంటే నా మనసు 40వ అధ్యాయం దగ్గరే ఆగిపోయింది.

బండ్లు నిలిపే చోట బ్యూటీ గడ్డి తింటూ ఉంటుంది. ఎముకలు తేలి, ముందుకాళ్ళు నిలవక తడబడుతున్న ఒక ముసలి ఎర్ర గుర్రం పక్కన వచ్చి ఆగుతుంది. గాలికి కొంచెం గడ్డి అటువైపు దొర్లితే, ఆ గుర్రం సన్నని పొడవాటి మెడను చాచి దానిని అందుకుని తిని, ఇంకా ఏమైనా ఉందేమోనని చుట్టూ చూస్తుంది. అది జింజర్, బర్ట్‌విక్‌లో బ్యూటీతో పాటు ఉన్న గుర్రం. ఒకప్పుడు తనకు అన్యాయం చేసినవారిని కరిచి, తన్ని, ఎదిరించిన జింజర్ ఇప్పుడు మనుషులదే బలమనీ, భరించడం తప్ప చేయగలిగినది లేదనీ, చావు వస్తే బాగుండుననీ అంటుంది. కొద్దికాలానికి చనిపోయిన గుర్రాన్ని వేసుకున్న బండి ఒకటి అటుగా పోతుంది. అది జింజరేనని బ్యూటీ అనుకుంటుందే గాని, ఖాయంగా తెలుసుకునే అవకాశం దానికి రాదు. పైగా అది జింజరే అయి ఉండాలని కోరుకుంటుంది, అప్పుడైనా దాని కష్టాలు తీరి ఉంటాయని.

ఇంత చదివిన తరువాత చివరి అధ్యాయంలోని పచ్చికబయలును చూసి నేను ఎలా సంతోషించాలి? ఒక గుర్రానికి దక్కిన అదృష్టం రెండోదానికి దక్కలేదు, అంతే కదా. రెండింటిలో ఏదీ చేసుకున్న పాపం గాని పుణ్యం గాని లేదు. దీనికి తోడు, పాత్రలు ఉన్నట్టుండి కథ ఆపి మద్యపానం గురించీ, ఆదివారపు సెలవు గురించీ, వేట గురించీ ఉపన్యాసాలు ఇవ్వడం అక్కడక్కడ విసుగు పుట్టించింది. అయినా పుస్తకం నాకు నచ్చలేదని చెప్పలేను, నచ్చకపోతే ఇంతగా వెంటాడదు. మీలో ఎవరికైనా ఇలాగే అనిపించిందా? తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి దీనిని చదివి వినిపించాలని అనుకున్నాను, ఇప్పుడు వెనకాడుతున్నాను.

పాతపేజీలు:

సాయంకాలపు చదువరి గారూ, మీకు కలిగిన ఇబ్బందికి సగం కారణం మనం ఈ నవలను పిల్లల పుస్తకాల అరలో పెట్టి చదవడమే అని నా అభిప్రాయం. సెవెల్ దీనిని పిల్లల కోసం రాయలేదు. గుర్రాల పట్ల దయను, సానుభూతిని, వాటిని అర్థం చేసుకుని మెలిగే అలవాటును కలిగించడం తన ఉద్దేశమని ఆమె స్వయంగా రాసుకున్నారు. ఆమె మనసులో ఉన్న పాఠకులు ముఖ్యంగా బండ్లు తోలేవారు, లాయాల్లో పనిచేసేవారు, గుర్రాలతో రోజంతా గడిపేవారు. మీకు ఉపన్యాసాలుగా తోచిన భాగాలను ఆ పనివారికి ఉద్దేశించినవిగా ఊహించుకుని మళ్ళీ చదివి చూడండి. లాడం వదులైతే ఏమవుతుంది, మేత దొంగిలిస్తే గుర్రం ఎలా నీరసిస్తుంది, లాయం శుభ్రం చేయకపోతే డెక్కలు ఎలా కుళ్ళుతాయి అన్నవి కథలో చొప్పించిన పని పాఠాలు. లాడం వదులైన సంగతి పట్టించుకోకుండా రూబెన్ స్మిత్ తాగిన మైకంలో గుర్రాన్ని రాళ్ళబాటపై దౌడు తీయించిన అధ్యాయమే తీసుకోండి. అక్కడ ప్రతి అడుగూ ఒక హెచ్చరికే, అయినా కథ ఎక్కడా కుంటుపడదు.

రచయిత్రి జీవితం తెలిస్తే ఆ పట్టుదల ఎక్కడిదో అర్థమవుతుంది. 1820లో ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ ప్రాంతంలో ఒక క్వేకర్ (క్రైస్తవంలో ఒక శాఖ) కుటుంబంలో పుట్టిన ఆమె, పద్నాలుగేళ్ళ వయసులో వానలో బడి నుంచి ఇంటికి వస్తూ జారిపడి చీలమండలు దెబ్బతీసుకున్నారు. ఆ తరువాత జీవితమంతా సరిగ్గా నడవలేకపోయారు. ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రపుబండే ఆధారం, కాబట్టి గుర్రాలను ఆమె వినోదానికి చూడలేదు, వాటి కాళ్ళ మీదే తాను లోకంలో తిరిగారు. 1871లో మొదలుపెట్టిన ఈ నవలను, మంచం పట్టి ఉన్న రోజుల్లో, ఓపిక ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా రాస్తూ వస్తే, తల్లి సాపు ప్రతి తయారు చేశారు. 1877 నవంబరులో పుస్తకం వెలువడింది. 1878 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూశారు. ఆమె రాసిన నవల ఇదొక్కటే.

జింజర్ చావు గురించి మీరు అడిగినదానికి నాకు తోచేది ఒక్కటే. ఆ చావు లేకపోతే ఈ నవల ఒక అదృష్టవంతమైన గుర్రం కథగా మిగిలిపోయేది. బ్యూటీకి దక్కినది ఎంత అరుదైనదో మనకు తెలియాలంటే, దక్కని గుర్రం ఒకటి కళ్ళముందు ఉండాలి. మీకు ఊరట కలగలేదంటే నవల పని చేసిందనే అంటాను.

విరామచిహ్నం:

పాతపేజీలు గారు పుస్తకాన్ని చాలా ఉదారంగా చదివారు. నేను అంత ఉదారంగా చదవలేకపోతున్నాను, క్షమించాలి.

మొదటి అధ్యాయాల్లోనే తల్లి గుర్రం బ్యూటీకి ఏమి బోధిస్తుందో గుర్తు చేసుకోండి. ఇష్టంగా పని చేయాలి, ఆటకైనా కరవకూడదు, తన్నకూడదు, మంచి పేరు నిలుపుకోవాలి. ఈ మాటలు గుర్రానికి చెప్పినవేనా? ఆ కాలపు ఇంగ్లండ్‌లో గొప్పవారి ఇళ్ళలో పనికి కుదిరే పిల్లలకు చెప్పిన మాటలు కూడా ఇవే అయి ఉంటాయి. యజమాని మంచివాడైతే అదృష్టం, చెడ్డవాడైతే ఓర్పు, అంతకు మించి సేవకుడికి దారి లేదు. ఆ బోధను పాటించిన బ్యూటీకి పచ్చికబయలు దక్కింది, పాటించని జింజర్ శవాల బండి ఎక్కింది. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మను. రచయిత్రికి జింజర్ మీద ప్రేమ ఉంది, సందేహం లేదు, కానీ ఆమె కథ నడిపిన తీరు ఎదిరించినవారిని శిక్షించి అణిగి ఉన్నవారిని ఆదరించింది.

1890లో జార్జ్ ఏంజెల్ అనే జంతు సంక్షేమ ప్రచారకుడు ఈ పుస్తకాన్ని అమెరికాలో అచ్చు వేయించి పెద్ద ఎత్తున పంచిపెట్టినప్పుడు, దీనిని గుర్రాల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ (అమెరికాలో బానిసత్వాన్ని ఎదిరించిన నవల) అని ప్రచారం చేశాడు. ఆయన పొగడ్తగానే అన్నాడు. నాకు మాత్రం ఆ పోలికలోనే ఇబ్బంది కనిపిస్తుంది. బానిసత్వాన్ని రద్దు చేయమని అడిగే పుస్తకం వేరు, యజమానులు మంచిగా ఉండాలని అడిగే పుస్తకం వేరు. ‘బ్లాక్ బ్యూటీ’ రెండో రకం. సాయంకాలపు చదువరి గారికి ఊరట కలగకపోవడానికి అసలు కారణం బహుశా ఇదే.

సాయంకాలపు చదువరి:

విరామచిహ్నం గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు ఆలోచించాను. యజమాని దయ మీదే అంతా ఆధారపడి ఉండడం నన్నూ బాధించింది. అయితే అణిగి ఉన్నవారికి బహుమానం దక్కిందన్న మాట దగ్గర మీతో ఏకీభవించలేకపోతున్నాను. కెప్టెన్ సంగతి ఏమిటి? క్రిమియా యుద్ధంలో ఫిరంగుల మధ్య రౌతును మోసి, ఆ రౌతు పడిపోయినా క్రమశిక్షణ తప్పని గుర్రం అది. లండన్‌లో అద్దెబండి తోలే జెర్రీ బార్కర్ దగ్గర బుద్ధిగా పని చేస్తూ ఉండగా, ఎవడో తాగి అడ్డదిడ్డంగా తోలిన బండి గుద్దుకుని, ఇక కోలుకోలేని స్థితికి వస్తుంది. దానిని తక్కువ ధరకు అమ్మి కష్టాలపాలు చేయడం కంటే తుపాకి గుండే మేలని జెర్రీ నిర్ణయించుకుంటాడు. రెండో అధ్యాయంలో కుందేలు వేటలో కాలు విరిగి చనిపోయిన రాబ్ రాయ్ కూడా చెప్పినట్టు చేసిన గుర్రమే. ఆ పాపానికి బలైనవాడు గోర్డన్ దొర కొడుకు కూడా.

మరొకటి. వరద వచ్చిన రాత్రి వంతెన మీదికి అడుగు పెట్టనని బ్యూటీ మొండికేస్తుంది. యజమాని అదిలించినా, కొరడా తగిలినా కదలదు. వంతెన మధ్యలో తెగిపోయి ఉందని తరువాత తెలుస్తుంది. అక్కడ ముగ్గురి ప్రాణాలను కాపాడినది మాట వినకపోవడమే కదా?

అయినా మీ మాటలో ముల్లు ఉంది, అది నాకు గుచ్చుకుంది.

పగ్గం:

నేను గుర్రాలకు స్వారీ శిక్షణ ఇచ్చే పనిలో చాలా కాలంగా ఉన్నాను. సాహిత్యం గురించి మీ అందరిలా మాట్లాడలేను గాని, జింజర్ స్వభావం చెడ్డదా, దాని తిరుగుబాటుకు శిక్ష పడిందా అన్న చర్చలో గుర్రం శరీరం గురించి ఒక మాట చెప్పాలి. నా దృష్టిలో ఆ పాత్ర నడవడి అంతటికీ మూలం అక్కడే ఉంది.

ఆ నవలలో బేరింగ్ రెయిన్ అనే పట్టీ గురించి పదే పదే వస్తుంది. గుర్రం తల ఎప్పుడూ పైకి ఎత్తి ఠీవిగా కనిపించడానికి, కళ్ళెం నుంచి మెడ మీదుగా వెనక్కి లాగి వీపు మీద బిగించే అదనపు పగ్గం అది. గుర్రం బరువు లాగేటప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, మెడను ముందుకు చాచి తలను కిందికి దించి తన బరువంతా మెడపట్టీ మీద వేస్తుంది. తల దించనివ్వకపోతే ఆ భారం మొత్తం వీపు మీదా వెనుక కాళ్ళ మీదా పడుతుంది. అంతేకాదు, గుర్రం మనలాగా నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కుతోనే తీసుకోవాలి. మెడను అసహజంగా వంచి బిగిస్తే గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది. నోట్లో ఇనుప కళ్ళెం, మెడలో నొప్పి, పైగా ఊపిరాడని స్థితి. ఇవన్నీ కలిసిన గుర్రం కరిస్తే దానిని పొగరు అనలేము. ఇలాంటి స్థితి నుంచి వచ్చిన గుర్రాలను చూశాను. చేతిని నోటి దగ్గరకు తీసుకువెళ్ళగానే చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు బయటపెడతాయి. ఆ చేయి నొప్పిని తేబోవడం లేదని వాటికి తెలియడానికి చాలా ఓపిక కావాలి. బర్ట్‌విక్‌లో లాయం చూసుకునే జాన్, జేమ్స్ చేసినది సరిగ్గా అదే, అందుకే జింజర్ అక్కడ నెమ్మదించింది. తరువాత అమ్ముడై చేరిన ఎర్ల్స్‌హాల్‌లో దొరసాని ఆ పట్టీని రోజురోజుకూ బిగించమన్నప్పుడు అది తిరగబడింది. రచయిత్రి రోగాన్నీ చూపింది, చికిత్సనూ చూపింది, చికిత్స ఆపేస్తే రోగం తిరగబెట్టడాన్నీ చూపింది.

విరామచిహ్నం గారు మరిచిపోయిన సంగతి మరొకటి ఉంది. జింజర్‌ను చివరికి నాశనం చేసినది దాని తిరుగుబాటు కాదు. తిరగబడ్డ తరువాత దానిని బండికి కట్టడం మానేశారు, ఆ పట్టీ బాధ తప్పింది. ఆ తరువాత ఎర్ల్స్‌హాల్ దొర కొడుకు జార్జ్ వేటలో దానిని శక్తికి మించి పరుగెత్తించి ఊపిరితిత్తులు, నడుము దెబ్బతీశాడు. అప్పుడు అది చెప్పినట్టే పరుగెత్తింది.

46వ అధ్యాయం మీలో ఎవరికైనా గుర్తుందా? బరువు బండిని ఎత్తు మీదికి లాగలేక బ్యూటీ అవస్థ పడుతుంటే, దారిన పోయే ఒక స్త్రీ బండివాణ్ణి మర్యాదగా అడిగి ఆ పగ్గం విప్పిస్తుంది. బ్యూటీ తలను మోకాళ్ళ దాకా దించి, ఆ బిగుతు పోయేలా పలుమార్లు పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆ కదలిక నిజం. చాలాసేపు బిగించి ఉంచిన కళ్ళెం విప్పితే ఏ గుర్రమైనా మొదట చేసే పని అదే. అది చదివినప్పుడు ఈమె ఊహించి రాయలేదు, చూసి రాసింది అనుకున్నాను.

అన్నీ ఒప్పులే అని కూడా అనను. ఒళ్ళు వేడెక్కి వచ్చిన గుర్రానికి చల్లని నీళ్ళు తాగించడం వల్లే జబ్బు చేసిందన్నట్టు పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. ఆ కాలంలో అందరూ నమ్మిన సంగతే అది. పరుగు నుంచి వచ్చిన గుర్రానికి నీళ్ళు ఇవ్వడం వల్ల హాని లేదని ఇప్పటి పశువైద్యం చెబుతుంది. పుస్తకం చదివి ఎవరూ గుర్రాన్ని దాహంతో మాడ్చకూడదని ఈ సంగతి రాస్తున్నాను.

కథలమ్మమ్మ:

తొమ్మిదేళ్ళ పిల్లకు చదివి వినిపించవచ్చా అన్న ప్రశ్నను అందరూ దాటేసి వెళ్ళిపోయారు, కనుక నేను అందుకుంటున్నాను. తప్పకుండా వినిపించు తల్లీ. కానీ ఆ పుస్తకాన్ని పిల్ల చేతికి ఇచ్చి వదిలేయకు, పక్కన కూర్చుని నువ్వే చదువు.

పిల్లలు చావుకు మనం అనుకున్నంత భయపడరు. వారికి మింగుడుపడనిది అన్యాయం. జింజర్ చనిపోయినప్పుడు మా మనవడు ఏడవలేదు, కోపం తెచ్చుకున్నాడు. జెర్రీ దానిని ఎందుకు కొనలేదు అని అడిగాడు. జెర్రీ దగ్గర డబ్బు లేదని చెప్పాను. మరి గోర్డన్ దొర దగ్గర ఉంది కదా, ఆయన దానిని ఎందుకు అమ్మాడు అన్నాడు. భార్యకు ఆరోగ్యం బాగాలేక దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చిందని చెబితే, వెళ్ళేటప్పుడు మెర్రీలెగ్స్ అనే పొట్టి గుర్రాన్ని ఎన్నటికీ అమ్మకూడదన్న షరతు మీద పాస్టరుకు ఇచ్చినట్టు వీటిని కూడా ఎందుకు ఇవ్వలేదు అని నిలదీశాడు. నా దగ్గర జవాబు లేదు. పెద్దవాళ్ళం మనం ఆ మంచి దొరను తప్పు పట్టాలన్న ఆలోచన కూడా లేకుండా దాటిపోయాము, చూశావా. మంచి యజమాని కూడా చివరికి అమ్మేవాడేనన్న సంగతి విరామచిహ్నం గారి వాదనకు పనికి వస్తుందేమో, ఆయన చూసుకుంటారు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త మాత్రం తీసుకో. పిల్లల కోసం కుదించి వేసిన ప్రతి అయితే ‘పాపం జింజర్’ అనే ఆ 40వ అధ్యాయం ఉందో లేదో తిరగేసి చూడు. అది తీసేసిన పుస్తకం చదివించడం కంటే అసలు చదివించకపోవడమే నయం. పిల్లలను దుఃఖం నుంచి కాపాడుతున్నామనుకుని కథను చప్పిడి చేయడం నాకు మొదటి నుంచీ గిట్టదు. ఉపన్యాసాల దగ్గర మాత్రం నాలుగు వాక్యాలు మింగేసినా పాపం లేదు. ఎన్నికల గురించిన అధ్యాయంలో నేను అదే చేశాను.

మెర్రీలెగ్స్ ఉన్న తొమ్మిదో అధ్యాయాన్ని మాత్రం తొందరపడకుండా చదువు. పిల్లలు వంతులు వేసుకుని ఎడతెగకుండా స్వారీ చేస్తుంటే, ఆ పొట్టి గుర్రం ఓపిక పట్టి పట్టి, చివరికి వెనక కాళ్ళ మీద లేచి వారిని మెల్లగా వెనక్కి జారవిడుస్తుంది. ఇంటిల్లిపాదీ నవ్వుతారు.

పాతపేజీలు:

కథలమ్మమ్మ గారి మనవడి ప్రశ్న మామూలు ప్రశ్న కాదు. దానికి నవలలోనే కొంత జవాబు ఉందని నాకు అనిపిస్తోంది, అయితే అది మంచితనంలో గాక డబ్బు లెక్కలో ఉంది. విరామచిహ్నం గారు ఈ పుస్తకం యజమానులను మంచిగా ఉండమని మాత్రమే అడుగుతుందన్నారు. 39వ అధ్యాయంలో సీడీ శామ్ అనే అద్దెబండివాడి మాటలు చదివితే అంతకంటే ఎక్కువే అడిగిందని తెలుస్తుంది.

శామ్ తన గుర్రాన్ని హింసిస్తున్నాడని తోటి బండివాళ్ళు మందలిస్తే, అతడు తన లెక్క చెబుతాడు. బండికీ రెండు గుర్రాలకూ యజమానికి రోజుకు పద్దెనిమిది షిల్లింగులు కట్టాలి. ఆ సొమ్ము వచ్చాకే అతడికి మొదటి పెన్నీ మిగులుతుంది. ఇంట్లో పిల్లలు ఉన్నారు. గుర్రాన్ని కొట్టకపోతే లెక్క తేలదు, లెక్క తేలకపోతే పొయ్యి వెలగదు. కొద్దిరోజులకే శామ్ కూడా చనిపోతాడు. ఇక్కడ కొరడా పట్టుకున్నవాడూ కొరడా దెబ్బ తిన్నదీ ఒకే గానుగకు కట్టిన జంట. ఆ యజమాని పేరు స్కిన్నర్ అని అప్పుడే మనకు చెప్పి, నాలుగో భాగంలో బ్యూటీని సరిగ్గా అదే స్కిన్నర్ చేతిలో పెట్టడం రచయిత్రి తెలివి. అంతవరకు వినికిడిగా ఉన్నది అనుభవమవుతుంది.

లడ్‌గేట్ హిల్ మీద సామాను బరువుతో బ్యూటీ కూలిపోయిన తరువాత ఏమి జరిగిందో గమనించారా? ఆరు నెలల విశ్రాంతి ఇస్తే కోలుకుంటుందని వైద్యం తెలిసిన మనిషి అంటే, జబ్బు గుర్రాలను మేపడానికి తన దగ్గర పచ్చికబయళ్ళు లేవంటాడు స్కిన్నర్. పది రోజుల్లో గుర్రాల సంత ఉంది, అంతవరకు మంచి మేత వేసి విశ్రాంతి ఇస్తే తోలు ధర కంటే ఎక్కువే పలుకుతుందని ఆ మనిషి సలహా ఇస్తాడు. స్కిన్నర్ అయిష్టంగా ఒప్పుకుంటాడు. ఆ సంతలోనే థరోగుడ్ అనే రైతు, మనవడు విల్లీ బతిమాలగా, అయిదు పౌండ్లకు బ్యూటీని కొంటాడు. బ్యూటీని బతికించినది మొదట లాభం లెక్క, దయ ఆ తరువాతే వచ్చింది. దీనిని రాసిన మనిషి దయ ఒక్కటే చాలునని నమ్మిన అమాయకురాలని నేను అనుకోలేను.

ముగింపు పూర్తిగా అదృష్టమే అన్న మాటకు కూడా ఒక చిన్న అభ్యంతరం ఉంది. చివరి ఇంట్లో బ్యూటీ నుదుటి మీద నక్షత్రం, ఒక కాలి తెల్లదనం, వీపు మీది చిన్న తెల్లమచ్చ చూసి గుర్తుపట్టినది ఎవరు? జో గ్రీన్. పద్దెనిమిదో అధ్యాయంలో తెలియనితనంతో బ్యూటీని చావు దాకా తెచ్చిన కుర్రాడు. వైద్యం విషయంలో పగ్గం గారు చెప్పినది నిజమే గాని, కథలో ఆ తప్పుకు ఒక ఫలితం ఉంది. తెలియక చేశాడులే అని తండ్రి సర్దిచెప్పబోతే జాన్ మండిపడతాడు, దుర్మార్గం తరువాత లోకంలో అంత చెడ్డది తెలియనితనమే అంటాడు. ఆ కుర్రాడు నేర్చుకున్నాడు. కాబట్టే ఇరవయ్యో అధ్యాయంలో, ఇటుకల బండికి కట్టిన గుర్రాలను చావబాదుతున్న మనిషిని చూసి ఊరుకోలేక, యజమానికి చెప్పి, విచారణలో సాక్ష్యం కూడా ఇచ్చాడు.

ఇక చివరి వాక్యం. కష్టాలు తీరిపోయాయని చెప్పిన బ్యూటీ, తెల్లవారుజామున పూర్తిగా మెలకువ రాకముందు తాను బర్ట్‌విక్ తోటలో, ఆపిల్ చెట్ల కింద పాత స్నేహితులతో నిలబడి ఉన్నట్టు తరచుగా అనిపిస్తుందంటుంది. ఆ స్నేహితుల్లో జింజర్ ఉంది. సాయంకాలపు చదువరి గారు మరిచిపోలేకపోతున్నదానిని బ్యూటీ కూడా మరిచిపోలేదు.

విరామచిహ్నం:

శామ్ సంగతీ, స్కిన్నర్ సంగతీ పాతపేజీలు గారు కలిపి చూపిన తీరు బాగుంది. ఆ రెండు అధ్యాయాలను విడివిడిగా చదివాను గాని ఆ ముడి మీద ఇంత దృష్టి పెట్టలేదు. రచయిత్రికి డబ్బు లెక్క తెలుసని ఒప్పుకుంటాను. ఆ లెక్కను మార్చే దారి చూపలేదన్న నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

జో గ్రీన్ ఉదాహరణే తీసుకుందాం. పశువులను హింసించడం నేరమని బ్రిటన్‌లో 1822లోనే చట్టం వచ్చింది, దాని పరిధిలో గుర్రాలు కూడా ఉన్నాయి. 1824లో లండన్‌లో జంతువులపై క్రూరత్వ నివారణ సంఘం కూడా ఏర్పడింది. జో సాక్ష్యానికి విలువ దక్కినది ఆ రకం చట్టం ఉండబట్టే. ఇంకా చెప్పాలంటే, విచారణ చేసే న్యాయాధికారి గోర్డన్ దొరే, జో ఆయన లాయంలో పనివాడే. పల్లెలో అందరూ అందరికీ తెలిసినచోట చట్టం కదిలింది. అదే లండన్‌లో, వేల బండ్ల మధ్య, జింజర్ తరఫున మాట్లాడినవారు లేరు. చట్టం వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆ గుర్రానికి అది ఒక్క పూట మేత కూడా సంపాదించి పెట్టలేదు. సెవెల్ ఈ తేడాను చూపించారు, కానీ దానిని గురించి ఒక్క మాటా అనలేదు. మద్యం మీదా, వేట మీదా అన్ని మాటలు అన్న మనిషి ఇక్కడ మౌనంగా ఉండడమే నాకు అంతుపట్టదు.

కథలమ్మమ్మ గారి మనవడి ప్రశ్నను నా వాదనకు వాడుకోమన్నారు కనుక వాడుకుంటున్నాను. గోర్డన్ దొర మెర్రీలెగ్స్ విషయంలో షరతు పెట్టి, మిగిలిన రెండింటినీ ఎర్ల్స్‌హాల్‌కు అమ్మేశాడు. అక్కడ బేరింగ్ రెయిన్ వాడతారని ఆయనకు తెలియకపోవచ్చు, అడిగి ఉంటే తెలిసేది. జాన్ ఆ రోజు ఎర్ల్స్‌హాల్ బండివాడికి, ఈ గుర్రాలకు ఆ పట్టీ అలవాటు లేదని చెప్పగలిగాడు. యజమాని అమ్మకానికి ముందే ఆ మాట అడగవలసింది. సాయంకాలపు చదువరి గారూ, మీ అమ్మాయికి చదివేటప్పుడు 21, 22 అధ్యాయాల దగ్గర ఆగి, దొర ఏమి చేసి ఉండవలసిందో ఆమెనే అడిగి చూడండి. ఏమన్నదో ఇక్కడ రాస్తే చదవాలని ఉంది.